బల్ల కింది పెట్టె

ఆ పెట్టె ఇంటికొచ్చిన రోజున సామ్రాజ్యం దాని చుట్టూ ఒకసారి తిరిగి, కుచ్చిళ్ళు పట్టుకుని వంగి చూసి, "ఇంతేనా అక్కా? నేనింకా లారీలో వస్తుందనుకున్నా," అంది.

తోటికోడలి మాటకు భ్రమరాంబ నవ్వేసింది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసి, అది మానుకుని భర్త సొంతూరు గుల్లలపాలెం వచ్చేసింది భ్రమరాంబ. దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుందా ఊరు. అంత చదువుకున్న మనిషి పట్నంలో జీతం వదులుకుని పాముల కోసం వచ్చిందట అని ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె వచ్చింది పాముల కోసమే.

నాట్ల కాలం వచ్చిందంటే అక్కడ ఎవరో ఒకరిని పాము కరవని వారం ఉండదు. ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షను ఎక్కడో దూరప్రాంతపు పాముల విషంతో తయారైంది. ఇక్కడి విషం మీద అది ఒకోసారి పనిచేస్తుంది, ఒకోసారి మొరాయిస్తుంది. మొరాయించిన రోజున ఓ ఇల్లు ఆరిపోతుంది. భ్రమరాంబ తలకెత్తుకున్న పని ఏమిటంటే, కరిచిన పాము విషాన్నే చదివి, దానికి మాత్రమే సరిపోయే విరుగుడును అక్కడికక్కడే తయారు చెయ్యడం.

తయారు చేసే యంత్రం పెద్ద విషయం కాదు, హోటల్లో కాఫీ మిషనంత ఉంటుంది. కష్టమంతా అంతకుముందు జరిగే వెతుకులాటలో ఉంది. విషంలోని ప్రోటీనుకు సరిగ్గా అతుక్కుని దాని పని ఆపేసే ఆకారం ఏదో కోటానుకోట్ల ఆకారాల్లోంచి ఏరాలి. అందుకు సంస్థలో వర్క్‌స్టేషన్ అనే ఖరీదైన కంప్యూటర్ ఉంది. దానికో ఏసీ గది, గదికో తాళం, తాళానికో కమిటీ. ఇప్పుడు బల్ల కింద కూర్చున్న ఈ పెట్టె మాత్రం ఉత్త డెస్క్‌టాప్. వీడియో గేములాడే కుర్రాళ్ళు అమ్మానాన్నల్ని పీడించి కొనిపించుకునే రకం. కాని ఆ ఏడాది వచ్చిన కొత్త చిప్పులో వెయ్యికి పైగా కోర్లున్నాయి. కోరంటే నాట్లకొచ్చిన మనిషి అనుకోండి. మునుపు డెస్క్‌టాప్ చేలో పదిమందో పదహారుమందో దిగేవాళ్ళు. ఇప్పుడు ఊరు ఊరంతా ఒక్కసారే దిగుతోంది. ఇక వర్క్‌స్టేషన్‌కీ దీనికీ తేడా ఏముందంటే, ఉంది, ఒకటే ఉంది.

కంప్యూటర్ మెమరీలో ఎప్పుడో ఒకప్పుడు ఒక అంకె దానంతటదే తిరగబడుతుంది. వర్క్‌స్టేషన్‌లో దాన్ని పట్టుకుని సరిదిద్దే కాపలా ఉంటుంది. డెస్క్‌టాప్‌లో ఉండదు. నిజానికి రెండింట్లోనూ చిప్పు ఒకటే. కంపెనీవాడు ఒకదాంట్లో ఆ కాపలాను మేలుకొలిపి పదింతల ధరకు అమ్ముతాడు, ఇంకోదాంట్లో నిద్రపుచ్చి చౌకగా అమ్ముతాడు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, అంటే రోజూ, భ్రమరాంబకు ఒళ్ళు మండేది.

మండితే లాభం లేదని ఉపాయం ఆలోచించింది. కోర్లన్నింటినీ మూడు ముఠాలు చేసి, ఒకే లెక్క మూడింటికీ విడివిడిగా ఇచ్చింది. మూడూ ఒకే జవాబు చెబితేనే నమ్మాలి. పని మూడింతలు ఆలస్యమవుతుంది గాని తప్పు దొరికిపోతుంది. అయినా సంస్థ ఒప్పుకోలేదు. డెస్క్‌టాప్ జవాబును వర్క్‌స్టేషన్ మళ్ళీ లెక్కగట్టి సరే అన్నాకే మనిషికి మందు ఎక్కించాలని షరతు పెట్టింది. సరేనంది భ్రమరాంబ. సరే అనకపోతే ఆ కాఫీ మిషను ఇవ్వరు మరి.

మొదటి ఏడాదంతా పెట్టె ఇంట్లోనే ఉంది. సామ్రాజ్యం కుట్టుమిషను పక్కనే దాని చోటు. సామ్రాజ్యం జాకెట్లు కుడితే చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చి కుట్టించుకునేవాళ్ళు. పెట్టె వెనకనుంచి వచ్చే వేడిగాలి దగ్గర ఇడ్లీ పిండి గిన్నె పెడితే చలికాలంలో కూడా చక్కగా పొంగుతుందని కనిపెట్టింది ఆమే. "మీ వదిన లెక్కలు తేలినా తేలకపోయినా మనకు ఇడ్లీలు మాత్రం దూదుల్లా వస్తున్నాయండీ," అని భర్త నాంచారయ్యతో అనేది, భ్రమరాంబకు వినపడేలా.

తర్వాత పెట్టెను ఊరి ఆసుపత్రికి మార్చారు. అక్కడి డాక్టరు ఇమ్మానుయేలు, మాట తక్కువ మనిషి, టీకాల గదిని ఖాళీ చేసిచ్చాడు. విషం కావాలి గనక భ్రమరాంబ ఊరూరా బోర్డులు పెట్టించింది: 'పాము కరిస్తే ఆ పాముని కూడా ఆసుపత్రికి తీసుకురండి.' జనానికి ఆ మాట ఎంతో నచ్చింది. అక్కడ పాము కరిస్తే కర్ర పట్టుకుని దాని వెంటపడటం ఎలాగూ ఉన్న అలవాటే. ఇప్పుడు చదువుకున్నావిడే చెయ్యమంటోంది. సంచుల్లో పాములొచ్చాయి. లెక్కలు తేలాయి. హైదరాబాదునుంచి రెండు మూడు గంటల్లో సరేననే మాట వచ్చేది. ఆ ఏడాది రక్తపింజర కరిచినవాళ్ళంతా లేచి నడిచి ఇంటికెళ్ళారు. భ్రమరాంబకు కాస్త గర్వం కూడా వచ్చింది, వస్తుంది మరి.

మరుసటి ఏడాది వరద పెద్దది. ఎగువ బ్యారేజీ గేట్లెత్తారు, కరకట్ట రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి, వంతెన మూసేశారు. భ్రమరాంబ ముందు రోజే వెళ్ళి ఆసుపత్రిలో ఉండిపోయింది. పొద్దున్నే నాంచారయ్య ఫోను చేశాడు.

"వదినా, సామ్రాజ్యానికి తెల్లారగట్లనుంచి కడుపునొప్పి. రాత్రి తిన్న రొయ్యలు పడలేదేమో అనుకున్నాం. ఇప్పుడేమో కళ్ళు మూతలు పడిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పామేమో అంటున్నారు."

"వెంటనే తీసుకురా," అంది భ్రమరాంబ. ఆ వెంటనే, రోజూ అందరికీ చెప్పే మాట కూడా నోటివెంట వచ్చేసింది. "పాముని కూడా తీసుకురా."

వాళ్ళొచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ట్రాలీ ఆటోలో పరుపు మీద సామ్రాజ్యం కదలకుండా పడుంది. నాంచారయ్య ఒంటినిండా బురద, చేతిలో యూరియా సంచి.

"తెచ్చా వదినా. కట్టెల మోపుల్లో దాక్కుంది ముండ. ఇల్లంతా వెతికి వెతికి పట్టాం," అని సంచి తిరగేశాడు. పెద్ద నాగుపాము. తల చితికిపోయి ఉంది.

భ్రమరాంబ ఇంకేమీ ఆలోచించలేదు. పాము విషపు తిత్తిలోంచి చుక్క తీసి, విషాన్ని చదివే రీడర్లో పెట్టింది, మూడు ముఠాలకూ లెక్క అప్పజెప్పింది. అవతల గదిలో డాక్టరు మామూలు ఇంజెక్షను మొదలుపెట్టాడు. సామ్రాజ్యానికి ఊపిరి చాలడం లేదు. ఆ ఆసుపత్రిలో వెంటిలేటరు లేదు. గొంతులోకి గొట్టం వేసి, దానికి రబ్బరు సంచి తగిలించి, "నొక్కుతూ ఉండు, నీ ఊపిరితో పాటు నొక్కు, ఆపకు," అని నాంచారయ్య చేతికిచ్చాడు. పెళ్ళాం ఊపిరి తన గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు నాంచారయ్య.

లెక్క సగం దాటింది. డాక్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నాకో అనుమానం. నాగుపాము కరిస్తే ఆ చోట వాపు రావాలి, మంట ఉండాలి. ఈమెకు ఒంటిమీద ఎక్కడా వాపు లేదు. కాటు గుర్తే దొరకలేదు. పైగా కడుపునొప్పి. ఇదంతా కట్లపాము లక్షణం."

భ్రమరాంబ లేచి అవతల గదిలోకి వెళ్ళింది. కట్లపాము విషం ఒళ్ళంతా పడగొడుతుంది గాని తెలివిని ముట్టుకోదు. సామ్రాజ్యం కళ్ళు తెరవలేదు, మాట్లాడలేదు, కాని అన్నీ వింటూనే ఉంటుంది. కాలి బొటనవేలు మాత్రం కొద్దిగా కదులుతోంది.

"సామ్రాజ్యం, నేనే. నిన్ను పాము కరవడం నువ్వు చూశావా? చూస్తే వేలు కదుపు."

వేలు కదల్లేదు.

"రాత్రి కింద పడుకున్నావా?"

వేలు కదిలింది.

భ్రమరాంబ మరిది వైపు తిరిగింది. "నాంచారయ్యా, ఈ పాము ఆమెను కరవడం ఎవరైనా చూశారా?"

"చూడ్డమేంటి వదినా? నువ్వు తెమ్మన్నావుగా. వెతికితే దొరికింది. ఇదే అయ్యుంటుంది, ఇంకేం అవుద్ది?" అతని చేతులు మాత్రం సంచిని నొక్కడం ఆపలేదు. "అంటే, ఇది కాదా?"

 అతను చేసింది తప్పు కాదు. మనిషిని వదిలి పాముల వెంటపడమని ఊరూరా బోర్డు పెట్టించింది తను. ఇందాక ఫోనులో చెప్పిందీ తనే.  ఏడవడానికి కూడా తీరిక లేదు. కట్లపాము విషం నరాల కొనల్లో ఇంకిపోతుంది. ఇంకినదాన్ని ఏ విరుగుడూ బయటికి లాగలేదు. రక్తంలో ఇంకా తిరుగుతున్నదాన్ని పట్టుకుంటేనే పట్టుకున్నట్టు.

టీకాల గదిలోకి వెళ్ళి నాగుపాము లెక్కను ఆపేసింది. డాక్టరు తీసిచ్చిన రక్తాన్ని రీడర్లో పెట్టింది. పాము తిత్తిలో విషం చిక్కగా ఉంటుంది. మనిషి రక్తంలో ఎంతుంటుంది, బిందెడు నీళ్ళలో చిటికెడు ఉప్పు. దాన్ని మిగతా అన్నింటిలోంచీ విడదీసి చదవడానికే కోర్లన్నీ కావాలి. మూడు ముఠాలుగా చేస్తే సాయంత్రమవుతుంది. సాయంత్రానికి ఈ మనిషి ఉండదు.

ముఠాలు రద్దు చేసి కోర్లన్నింటినీ ఒకే లెక్కలోకి దింపింది. పెట్టె ఫ్యాన్లు ఒక్కసారి హోరెత్తాయి. కరెంటు పోతుందేమోనని జనరేటరు దగ్గర మనిషిని నిలబెట్టారు. రక్తం వివరాలన్నీ హైదరాబాదుకు కూడా పంపి, ప్రొఫెసర్ చక్రపాణికి ఫోను చేసింది. సంస్థలో వర్క్‌స్టేషన్ ఆయన చేతికింద ఉంది.

"ఇప్పుడు అందులో వేరేవాళ్ళ పని నడుస్తోందమ్మా. కమిటీని అడిగి ఆపించాలి. ఆపించాక లెక్క మొదలవ్వాలి. సాయంత్రానికి జవాబు ఇవ్వగలను," అన్నాడాయన.

"సాయంత్రందాకా ఆగదు సార్. నేను నా పెట్టెలోనే తీస్తున్నా."

"మూడు ముఠాలతోనా?"

"ఒక్కదానితోనే."

 "భ్రమరాంబా, నేనేమీ రాక్షసుణ్ణి కాను. ఒక్క అంకె తిరగబడిందంటే నువ్వెక్కించేది మందు కాదు, ఏదో తెలియని ప్రోటీను. ఆ అమ్మాయి నీ చేతిలో పోతుంది. దాంతోపాటు ఈ పథకమూ పోతుంది. ఇంకో పదేళ్ళు ఎవడూ దీని జోలికి రాడు. ఆలోచించుకో."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

లెక్క తేలింది. జవాబు తెరమీద కనపడింది, చుట్టలు చుట్టుకున్న దారపుండలా ఓ ఆకారం. తప్పో ఒప్పో చూడగానే చెప్పగలిగేవాళ్ళు భూమ్మీద లేరు. మిషను దాన్ని అల్లడం మొదలుపెట్టింది. అల్లి అల్లి ఒక్క డోసు ఇచ్చింది, చిన్న సీసాలో అడుగున కాస్త. ఇంకో డోసు కావాలంటే ముడిసరుకు వంతెన అవతలనుంచి రావాలి.

సీసా చేత్తో పట్టుకుని నిలబడినప్పుడు భ్రమరాంబకు ఒక సంగతి తట్టింది. ఆకారాన్ని వెతకడానికి వెయ్యి కోర్లు కావాలి. వెతికింది సరైనదో కాదో చూడ్డానికి అన్ని అక్కర్లేదు. సామ్రాజ్యం రక్తమే తీసి, అందులో మందు కలిపి, రీడర్లో పెడితే చాలు. విషం అణిగితే జవాబు ఒప్పు, అణగకపోతే తప్పు. ఏ పెట్టెలోంచి వచ్చిందో, దాని ధర ఎంతో రక్తానికి పనిలేదు.

కాని ఆ పరీక్షకు సగం మందు ఖర్చవుతుంది.

డాక్టర్ని పిలిచి చెప్పింది. "మొత్తం ఎక్కిస్తే తప్పో ఒప్పో తెలియకుండా ఎక్కించినట్టు. పరీక్ష చేస్తే సగమే మిగులుతుంది. సగం సరిపోతుందా?"

ఇమ్మానుయేలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బతకడానికి సరిపోవచ్చు. పూర్తిగా బాగుపడటానికి చాలకపోవచ్చు. ఇప్పటికే నరాల్లోకి దిగింది చాలా ఉంది. నేను కచ్చితంగా చెప్పలేనమ్మా."

ఆమె సామ్రాజ్యం దగ్గరికి వెళ్ళింది. ఎవరి ఒళ్ళయితే వాళ్ళనే అడగాలి. మంచం పక్కన మోకాళ్ళమీద కూర్చుని, దాచకుండా రెండు దారులూ చెప్పింది. "పరీక్ష చెయ్యమంటావా? చెయ్యమంటే కదుపు."

నాంచారయ్య సంచి నొక్కుతూనే పెళ్ళాం కాలివైపు చూస్తున్నాడు. వేలు చాలాసేపు కదల్లేదు. కదిపే శక్తి కూడా పోయిందేమో అనుకుంది భ్రమరాంబ. అప్పుడు కదిలింది, ఒక్కసారి.

సగం మందు సామ్రాజ్యం రక్తంలో కలిపి రీడర్లో పెట్టారు. తెరమీద విషం గీత ముందు కదలకుండా ఉంది. భ్రమరాంబ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తప్పు జవాబైతే ఇక చెయ్యడానికేమీ మిగల్లేదు. గీత కొంచెం వంగింది. మళ్ళీ నిలబడింది. ఆ తర్వాత జారడం మొదలుపెట్టి, జారి జారి అడుగుకు చేరింది.

"ఎక్కించండి," అంది.

ఆ మధ్యాహ్నమంతా నాంచారయ్య, భ్రమరాంబ, నర్సు వంతులవారీగా సంచి నొక్కారు. చేతులు తిమ్మిరెక్కి ఒకరిచేతినుంచి ఒకరు లాక్కున్నారు. పొద్దువాలేవేళకు భ్రమరాంబ నొక్కుతుండగా సంచి ఆమె చేతికి అడ్డం తిరిగింది. లోపలినుంచి ఊపిరి తనంతట తను తీసుకుంటోంది సామ్రాజ్యం. నాంచారయ్య గోడకు తలానించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హైదరాబాదునుంచి జవాబు అప్పుడొచ్చింది. వర్క్‌స్టేషన్ చెప్పిన ఆకారమూ, బల్ల కింది పెట్టె చెప్పిన ఆకారమూ ఒకటే.

కళ్ళు తెరుచుకున్నాయి, మాట వచ్చింది, నడక వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం రాలేదు. సూది పట్టుకుంటే జారిపోతోంది, కత్తెర నిలవడం లేదు. సంతకం పెట్టబోతే కాగితం మీద గీతలు పడ్డాయి.

భ్రమరాంబ ఆమెతో సూటిగానే చెప్పింది. "మొత్తం డోసు ఎక్కించి ఉంటే నీ చెయ్యి నిలిచేదేమో. నేను పామును తెమ్మనకుండా ఉంటే ఇంకా ముందే వచ్చేదానివి, అప్పుడు ఈ గొడవే లేకపోయేది. ఇది నావల్ల జరిగింది."

"వేలు కదిపింది నేనక్కా," అంది సామ్రాజ్యం. "ఆ సంగతి వదిలెయ్యి. పాము సంగతి మాత్రం నీదే. ఏడుస్తూ కూర్చోకుండా ఆ బోర్డులు పీకించు."

వరద తీసిన మర్నాడే భ్రమరాంబ దగ్గరుండి బోర్డులన్నీ పీకించింది. వాటి చోట, పామును వెతకొద్దు, మనిషిని తీసుకురండి అని రాయించింది. రక్తంలోంచే విషాన్ని చదివేలా లెక్కను మళ్ళీ మొదట్నుంచీ రాయడం మొదలుపెట్టింది. పరీక్షకు చుక్క మందు సరిపోయేలా రీడర్‌ను మార్చడానికి తంటాలు పడుతోంది.

ఆ పనిలో ఉండగా ప్రొఫెసర్ చక్రపాణి గుల్లలపాలెం వచ్చాడు. ఇంటి అరుగుమీద కుర్చీ వేశారు. ఆయన సంచీలోంచి ఒక కాగితం తీసి భ్రమరాంబకిచ్చాడు.

"ఇది నీ మంచికే తెచ్చాను. షరతు మీరావని కమిటీలో గోల. పెట్టె, మిషను వెనక్కి తెచ్చెయ్యమంటున్నారు. రెండు జవాబులూ ఒకటేగా. వర్క్‌స్టేషన్ సరేనన్నాకే మందు ఎక్కించానని దీంట్లో ఉంది. సంతకం పెట్టావంటే గొడవ అక్కడితో సరి. నీ పని నీది."

భ్రమరాంబ కాగితం చదివింది. "ఇలా రాస్తే రేపు ఇంకో మండలంలో ఇంకో డాక్టరు దీన్ని చూస్తాడు సార్. సాయంత్రందాకా ఆగినా మనిషి బతుకుతుందని అనుకుంటాడు. ఆగుతాడు."

"నువ్వు పెట్టనంటే పెట్టె పోతుంది. దర్యాప్తు పడుతుంది. అప్పుడు ఇక్కడ కరిచినవాళ్ళకు ఏం చేస్తావు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.  లోపలినుంచి సామ్రాజ్యం మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీరొచ్చింది మంచి రోజున సార్," అంది. మాట ఇంకా కొంచెం నిదానంగానే వస్తోంది. "ఆ రోజు మా అక్క మీ జవాబు కోసం ఆగి ఉంటే, ఇవాళ నా పెద్దకర్మ. ఇదే అరుగుమీద విస్తరి వేసి మీకు భోజనం పెట్టేవాళ్ళు."

చక్రపాణి గ్లాసు అందుకోబోయి ఆగిపోయాడు. ఆమె కుడిచెయ్యి పక్కకు వేలాడుతూ ఉంది. ఆయన దానివంక చూసి చూపు తిప్పుకున్నాడు.

భ్రమరాంబ పెన్ను తీసుకుంది. వర్క్‌స్టేషన్ అన్న మాట కొట్టేసి, పైన డెస్క్‌టాప్ అని రాసింది. పరీక్ష ఎలా చేసిందీ, సగం మందు ఎందుకు పోయిందీ, పాము కోసం ఎంత ఆలస్యమైందీ అదే కాగితం వెనకవైపు పూసగుచ్చినట్టు రాసి, కింద సంతకం చేసింది. పెట్టె పట్టుకుపోతే ఇంకో పెట్టె కొంటుంది. గేములు అమ్మే కొట్లో ఎవరికైనా అమ్ముతారు. మిషను సంగతే అప్పుడు చూసుకోవాలి.

"నన్నూ రాయి అక్కా సాక్షిగా," అంది సామ్రాజ్యం. పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసైన మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా నిశానీ వేసింది లేదు. నాంచారయ్య లోపలికెళ్ళి ఇంకు పెట్టె తెచ్చాడు. ఆమె ఎడమచేతి బొటనవేలు అందులో అద్ది, తోటికోడలి సంతకం పక్కనే గట్టిగా నొక్కి, కాగితాన్ని ప్రొఫెసర్ చేతికిచ్చింది.